గుమ్మిడిపూండి దగ్గర మూడు బడులు: ఒకటో తరగతికి ఏది, ఐదుకి ఏది?

సిప్‌కాట్_షిఫ్టు

అందరికీ నమస్కారం. జూన్ నుంచి మా మకాం చెన్నై నుంచి గుమ్మిడిపూండి వైపు మారుతోంది. పాప ఒకటో తరగతికి, బాబు ఐదుకి. ప్రైవేటు వద్దని ఇంట్లో తేల్చుకున్నాం. దండం పెడతాను, ఆ చర్చ మళ్లీ మొదలుపెట్టకండి. నడిచి వెళ్లగలిగిన బడులు మూడు.

మొదటిది సర్కారు వారి పంచాయతీ యూనియన్ ప్రైమరీ, 1–5. పిల్లలు 48, హెచ్‌ఎంతో (హెడ్‌మాస్టరు) కలిపి టీచర్లు ఇద్దరు.
రెండోది పంచాయతీ యూనియన్ మిడిల్, 1–8. పిల్లలు 226, హెచ్‌ఎంతో కలిపి టీచర్లు 9.
మూడోది ఎయిడెడ్ (యాజమాన్యం ప్రైవేటుది, టీచర్ల జీతం సర్కారుది) ప్రైమరీ, 1–5. పిల్లలు 165, టీచర్లు నలుగురు.

ఒక్కో టీచరుకు 24, 25, 41 మంది పడుతున్నారు. ఈ లెక్కన మొదటిదే మేలని మా ఆవిడ మాట. గేటు, రంగులు చూస్తే మూడోదే బాగుంది. బడుల పేర్లు కావాలనే రాయలేదు.

నల్లబల్ల

ఆ భాగహారం పక్కన పెట్టండి. టీచర్లను తరగతుల ప్రకారం లెక్కపెట్టాలి.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 1–5లో 60 మంది వరకు ఇద్దరు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు, 121–200కి ఐదుగురు ఉండాలి. 150 దాటితే ఆ ఐదుగురు కాక హెడ్‌మాస్టరు కూడా. అంటే మొదటి బడి చట్టానికి సరిపోయింది. మూడోది సరిపోలేదు, 165 మందికి ఐదుగురు టీచర్లూ ఒక హెచ్‌ఎం ఉండాల్సిన చోట మొత్తం నలుగురే ఉన్నారు.

అయితే మొదటి బడిలో ఐదు తరగతులకు ఇద్దరే. హెచ్‌ఎం బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుకో, ట్రైనింగుకో, ఎన్నికల పనికో వెళ్లిన రోజున మిగిలిన ఒక్కరే ఐదు తరగతులూ చూడాలి. ఆ రోజు పాఠం ఉండదు, పిల్లల్ని కాపలా కాయడమే సరిపోతుంది. ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని వస్తాయన్నదే ఆ బడి సంగతి తేలుస్తుంది. "టీచరుగారు సెలవు పెడితే ఎవరొస్తారు?" అని అడిగి చూడండి. పక్క బడి నుంచి డిప్యూటేషన్ మీద ఫలానావారు వస్తారని పేరు చెప్పగలిగితే అక్కడ ఏర్పాటు ఉన్నట్టు. "చూసుకుంటాం లెండి" అంటే లేనట్టు.

ఇంకో సంగతి. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోవడం చూసి కంగారు పడకండి. 2022-23లో మొదలైన "ఎణ్ణుం ఎళుత్తుం" పద్ధతిలో 1–3 పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అనే మూడు మెట్లుగా విడదీస్తారు. మరుసటి ఏడు 4, 5 తరగతులకూ తెచ్చారు. తెలిసిన టీచరు చేతిలో కలిపి కూర్చోబెట్టడం బాగానే నడుస్తుంది. ప్రతి గుంపు చేతిలో వేరువేరు వర్క్‌బుక్ పేజీ ఉందా, లేక అందరూ ఒకే పేజీ తెరిచి కూర్చున్నారా? కిటికీలోంచి చూసినా తెలిసిపోతుంది.

కోయంబేడు_లెక్కలు

బడి లోపలికి వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తమిళనాడుకు 33. తర్వాత జిల్లాకు రెండు, బ్లాకుకు రెండు, ఊరికి లేదా వార్డుకు మూడు, బడికి రెండు. కోడ్ బడి బోర్డు మీదో, హెచ్‌ఎం గదిలోనో రాసి ఉంటుంది. "నో యువర్ స్కూల్" పోర్టల్లో అది కొడితే పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, కరెంటు అన్నీ వస్తాయి.

అక్కడ జాగ్రత్త. ఆ అంకెలు సాధారణంగా సెప్టెంబరు 30 నాటివి. మీరు మే నెలలో చూస్తే అప్పటికే ఎనిమిది నెలల పాతవి. ఆ మధ్యలో ఒక టీచరు బదిలీ అయినా, రిటైరైనా అందులో కనపడదు. అందుకే ఒక్క ఏడు చూడకండి, వరసగా మూడేళ్లు పక్కపక్కన పెట్టుకోండి. మొత్తం కాదు, తరగతివారీ సంఖ్యలు రాసుకోండి. ఐదో తరగతిలో పద్నాలుగు మంది ఉండి, ఒకటిలో నలుగురే ఉంటే ఆ బడి కరిగిపోతోందన్న మాట. పాప మూడో తరగతికొచ్చేసరికి ఒక పోస్టు మిగులు కింద వేరే ఊరికి పోవచ్చు.

రెండో బడిలో 226 మందిని 1–5, 6–8గా విడదీసి చెప్పగలరా?

సిప్‌కాట్_షిఫ్టు

1–5లో 130, 6–8లో 96.

కోయంబేడు_లెక్కలు

130కి ఐదుగురు కావాలి. 6–8కి 35 మందికి ఒకరు చొప్పున ముగ్గురు: సైన్స్-లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు. హెచ్‌ఎంతో కలిపి తొమ్మిది. కాగితం మీద సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ జరిగే తేడా ఏమిటంటే, 6–8 చెప్పే బీటీ టీచరు పోస్టు ఒకటి ఖాళీ అయితే, 1–5 చూసే సెకండరీ గ్రేడ్ టీచరుని పైకి పంపి సర్దుతారు. మొత్తం సంఖ్య అంతే కనపడుతుంది, చిన్నపిల్లల గదిలో మాత్రం ఒకరు తగ్గుతారు. అందుకని "టీచర్లు ఎంతమంది" అని కాకుండా "సెకండరీ గ్రేడ్ ఎందరు, బీటీ ఎందరు, ఎస్‌ఎంసీ (బడి నిర్వహణ కమిటీ) పెట్టుకున్న తాత్కాలికులు ఎందరు" అని మూడు ముక్కలుగా అడగండి.

విల్లివాక్కం_అమ్మమ్మ

లెక్కలు సరే నాయనా, పిల్లలు తినేదాని సంగతి ఎవరూ ఎత్తలేదే?

సిప్‌కాట్_షిఫ్టు

అదే అడగబోతున్నానమ్మా. ఎయిడెడ్‌లో పొద్దున టిఫిన్ ఉంటుందా, ఉండదా?

విల్లివాక్కం_అమ్మమ్మ

ఉంటుంది. కాలై ఉణవు తిట్టం, అదే పొద్దుటి టిఫిన్ పథకం, 2022 సెప్టెంబరులో కొన్ని బడుల్లో మొదలైంది. 2023 ఆగస్టు 25 నుంచి రాష్ట్రంలోని సర్కారు ప్రైమరీ తరగతులన్నిటికీ వచ్చింది. పల్లెటూళ్ల ఎయిడెడ్ బడులకు 2024 జులై 15న మీ తిరువళ్లూరు జిల్లా కీళచ్చేరిలోనే మొదలుపెట్టారు. పట్నాల ఎయిడెడ్‌కు 2025 ఆగస్టు 26న. 1–5 పిల్లలకే సుమా.

పిల్లకు బియ్యమో, రవ్వో, చిరుధాన్యమో 50 గ్రాములు, పప్పు 15 గ్రాములు అని లెక్క. వండాక 150–200 గ్రాముల తిండి, 100 మిల్లీలీటర్ల కూరగాయల సాంబారు. ఉప్మా, కిచిడీ, పొంగల్ తిరిగి తిరిగి వస్తాయి.

మధ్యాహ్నం పెట్టే సత్తుణవు భోజనం వేరే. 1–5కి బియ్యం 100 గ్రాములు, 6–8కి 150. వారానికి ఐదు రోజులూ గుడ్డు, గుడ్డు తినని పిల్లకు అరటిపండు. శాకాహారులైతే చేరేటప్పుడే చెప్పి రాయించండి, లేకపోతే పండు లెక్కలో పాప పేరుండదు.

వెళ్లి చూడాలనుకుంటే పొద్దున తొమ్మిదికి ముందే వెళ్లండి. సాంబారులో కూరగాయ ముక్క గరిటెకు తగులుతోందా, తినే చోట నీళ్లు, సబ్బు ఉన్నాయా చూడండి. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూడాలి, అందులో ఒకరు టీచరై ఉండాలి అని మధ్యాహ్న భోజనానికి నిబంధన ఉంది. రుచి చూసినట్టు సంతకాల పుస్తకం కూడా ఉంటుంది. నెల రోజుల సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో ఉంటే అర్థం చేసుకోవడమే!

ఎస్‌ఎంసీ_తీర్మానం

అమ్మమ్మగారు చెప్పిన పుస్తకంతో పాటు ఎస్‌ఎంసీ తీర్మానాల పుస్తకం కూడా చూడండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. పేర్లు ఉంటే సరిపోదు. గత సమావేశంలో ఏం అనుకున్నారు, అది జరిగిందా అన్నది చూడాలి. "బోరు మోటారు బాగుచేయాలి" అని వరుసగా నాలుగు సమావేశాల్లో అదే తీర్మానం కనపడితే ఆ బడిలో మోటారు ఇంకా పనిచేయడం లేదు.

గేటు, రంగుల గురించి. సర్కారు బడికి సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 వరకు 10,000 రూపాయలు, 31–100కి 25,000, 101–250కి 50,000, 251–1000కి 75,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు పెట్టాలి. మీ మొదటి బడికి ఏడాదంతటికీ 25,000. సుద్దముక్కలు, కరెంటు సామాను, చిల్లర రిపేర్లు, ఫినాయిల్ అన్నీ అందులోంచే. అదైనా వేళకు రావాలి. 2024-25లో కేంద్రానికీ రాష్ట్రానికీ పీఎం శ్రీ అనే కేంద్ర బడుల పథకం మీద పేచీ వచ్చి సమగ్ర శిక్షా డబ్బే ఆగిపోయింది. కాబట్టి వెలిసిన గోడ చూసి హెచ్‌ఎం పనిచేయడని అనుకోకండి.

మరుగుదొడ్డి విషయంలో మాత్రం ఏ సాకూ ఒప్పుకోవద్దు. 40 మందికి ఒక యూనిట్, అంటే ఒక దొడ్డి, మూడు మూత్రశాలలు ఉండాలని మార్గదర్శకం. పోర్టల్లో "ఉంది" అని ఉంటే గది ఉందని అర్థం, నీళ్లున్నాయని కాదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్లి ఆడపిల్లల వైపు గొళ్లెం పడుతుందా, బకెట్టు, మగ్గు ఉన్నాయా, తలుపుకి తాళం వేసి తాళంచెవి స్టాఫ్‌రూంలో దాచారా చూడండి. అలా తాళం వేసే బడులు చాలానే ఉన్నాయి, ఆ బడుల్లో ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు.

అరంబాక్కం_అంచు

తెలుగు సంగతి? పిల్లలు తెలుగు చదవగలగాలనుకుంటే ఈ మూడింటిలో ఏదైనా ఒకటేనా?

నల్లబల్ల

తమిళనాడు 2006లో చేసిన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి. 2006-07లో ఒకటితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున 2015-16కి పదో తరగతికి చేరింది. తెలుగు చెప్పాలంటే ఆ బడికి తెలుగు టీచరు పోస్టు ఉండాలి. తిరువళ్లూరు జిల్లాలో అలాంటి బడులు ఉన్నాయి, కానీ బోర్డు మీద తెలుగు అక్షరాలు చూసి మోసపోకండి. టీచరు రిటైరయ్యాక పోస్టు ఖాళీగా పడి ఉండి, పుస్తకాలు మాత్రం వస్తుండవచ్చు. "తెలుగు ఉందా" అని అడిగితే ఉందనే అంటారు. "తెలుగు పీరియడ్ ఏ రోజు, ఎవరు చెబుతారు" అని అడగండి.

లేకపోతే ఇంట్లోనే. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, గుణింతాలు ఆర్నెల్లలో వస్తాయి. కాకపోతే తమిళం చదవడం కాస్త కుదిరాకే తెలుగు లిపి మొదలుపెట్టడం మంచిది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి రెండు లిపులూ ఒకేసారి నేర్పితే అలాంటి అక్షరాల దగ్గర పిల్లలు తడబడతారు.

అరంబాక్కం_అంచు

తడ దాకా వెళ్లి ఆంధ్రలో వేస్తేనో? తల్లికి వందనం డబ్బులు కూడా వస్తాయి కదా.

కోయంబేడు_లెక్కలు

ఆ పథకం ఆంధ్రా కుటుంబాలకు, అక్కడి రేషన్ కార్డు ఉండాలి. తమిళనాడు చిరునామాతో రాదన్నా. పైగా ఐదేళ్ల పాపను జాతీయ రహదారి మీద రోజూ బస్సెక్కించడం... వద్దు.

సిప్‌కాట్_షిఫ్టు

రెండో బడిలో ఇంగ్లిష్ మీడియం సెక్షన్ ఉందట. మూడోదాంట్లో కూడా ఉంది, దానికి ఫీజు అడుగుతున్నారు. ఎయిడెడ్‌లో ఫీజేమిటి?

ఎస్‌ఎంసీ_తీర్మానం

చాలా ఎయిడెడ్ బడుల్లో సర్కారు జీతమిచ్చేది తమిళ మీడియం సెక్షన్లకే. ఇంగ్లిష్ సెక్షన్ యాజమాన్యం సొంత ఖర్చుతో నడిపేది, అంటే అది ఎయిడెడ్ గోడల మధ్య ఉన్న ప్రైవేటు. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, టిఫిన్ ఆ సెక్షన్ పిల్లలకు వర్తించకపోవచ్చు. "ఈ సెక్షన్ ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా" అని అడిగి, రసీదు ఎవరి పేరు మీద ఇస్తారో చూడండి. ఆ నలుగురు టీచర్లలో ఎందరు ఎయిడెడ్ పోస్టులో ఉన్నారో కూడా.

నల్లబల్ల

సర్కారు బడుల్లో ఇంగ్లిష్ సెక్షన్లు 2012-13 నుంచి ఉన్నాయి. వేరే గది, వేరే టీచరు ఉంటే సరే. ఒకే గదిలో, ఒకే టీచరు, ఎడమవైపు తమిళ మీడియం, కుడివైపు ఇంగ్లిష్ మీడియం అని కూర్చోబెడితే రెండు గుంపులకూ తమిళంలోనే చెబుతారు, ఇంగ్లిష్‌వాళ్లు జవాబులు బట్టీ పడతారు. నా ఓటు తమిళ మీడియానికే. వీధిలో వినే భాషలో చదవడం వచ్చాక ఇంగ్లిష్ ఎక్కుతుంది.

వ్యాసర్పాడి_వంతెన

ఒప్పుకోను. ఇంట్లో తెలుగు, ఉద్యోగం సిప్‌కాట్ పారిశ్రామికవాడలో. రేపు కంపెనీ శ్రీసిటీకో, హైదరాబాదుకో పంపిస్తే పిల్లల తమిళ మీడియం లెక్కలు, సైన్స్ ఎక్కడ పనికొస్తాయి? బదిలీ అయ్యే ఇళ్లకు ఇంగ్లిష్ మీడియమే.

కోయంబేడు_లెక్కలు

ఇద్దరి మాటా నిజమే, కానీ ఒకటి మర్చిపోయారు. తమిళనాడు సర్కారు కొలువుల్లో తమిళ మీడియంలో చదివినవాళ్లకు 20 శాతం ప్రాధాన్యం ఉంది, ఒకటో తరగతి నుంచీ తమిళ మీడియమని సర్టిఫికెట్ చూపాలి. మధ్యలో మారితే అది పోతుంది. ఇక్కడే స్థిరపడేవాళ్లకు అది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి.

దీనికంటే పెద్దది బాబు విషయంలో ఉంది. మెడిసిన్, ఇంజినీరింగ్ సీట్లలో 7.5 శాతం కోటా సర్కారు బడిలో 6 నుంచి 12 దాకా చదివినవాళ్లకు. ఎయిడెడ్ బడి అందులోకి రాదు. కాబట్టి 1–5 ఎక్కడ చదివినా నష్టం లేదు, ఆరో తరగతి మాత్రం సర్కారు బడిలోనే వేయండి. ఐదుకి మొదటి బడిలోనో, మూడోదాంట్లోనో వేస్తే బాబు ఏడాది తిరగకుండా మళ్లీ బడి మారాలి. రెండోదాంట్లో వేస్తే ఎనిమిది దాకా కదలక్కర్లేదు.

సిప్‌కాట్_షిఫ్టు

ఇది ఎవరూ చెప్పలేదు! బాబు సంగతి దాదాపు తేలిపోయింది. పాపకు చదువు ఎలా చెబుతున్నారో కొలవడానికి దారేమైనా ఉందా? మార్కుల కాగితం చూపిస్తే అందరికీ ‘ఏ’ గ్రేడే.

నల్లబల్ల

హెచ్‌ఎంగారి అనుమతి అడిగి, మూడో తరగతి పిల్లలు నలుగురితో రెండో తరగతి పుస్తకం చదివించండి. ముందు బెంచీ వాళ్లను కాదు, హాజరు పట్టీలో 3, 8, 13, 18 నంబర్లవాళ్లను పిలవండి. వాళ్లు ఇప్పటికే చదివేసిన పాఠం వద్దు, కంఠతా చెప్పేస్తారు. తెరవని పాఠం ఇవ్వండి. కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు. తమిళంలో, తెలుగులో పదాలు పొడుగు కాబట్టి అంత వేగం అక్కర్లేదు, గడియారం పట్టుకోకండి. ఆగిన చోట అక్షరం కూడబలుక్కుంటున్నారా, ఊహించి వేరే మాట అనేస్తున్నారా గమనించండి. ఊహించేవాళ్లు ఎక్కువైతే అక్షరాల పునాది పడలేదు. చదివాక ఒక ప్రశ్న వేయండి.

లెక్కల్లో రెండే చాలు. మూడో తరగతికి 63లోంచి 28 తీసివేత. 45 అని రాస్తే అప్పు తీసుకోవడం రాలేదన్నట్టే, ఎందుకంటే 8లోంచి 3 తీసేశారు. ఐదో తరగతికి 869ని 7తో భాగహారం. 124 వచ్చి 1 మిగలాలి.

నోటుబుక్కులు కూడా తిరగేయండి. టిక్కు మార్కు ఎవరైనా పెడతారు. తప్పు దగ్గర దిద్దుబాటు, దాని కింద పిల్ల మళ్లీ రాసింది ఉందా? మూడు బడుల మధ్య తేడా నాకైతే ఇక్కడే కనపడుతుంది, మిగతావన్నీ దీని తర్వాతే.

వ్యాసర్పాడి_వంతెన

అనుమతి ఇవ్వకపోతే?

నల్లబల్ల

పొద్దున అడగొద్దు, అప్పుడు ఎవరికీ ఖాళీ ఉండదు. మధ్యాహ్నం మూడు తర్వాత, తమిళంలో, పాపను వెంటబెట్టుకుని అడగండి. అయినా కుదరదంటే గంట కొట్టాక గేటు దగ్గర తల్లులను అడగండి. "బాగుందా" అని కాదు, "మీ పాప నిన్న ఏం రాసింది" అని.

ఎస్‌ఎంసీ_తీర్మానం

చేర్చేటప్పుడు చిక్కులు రాకుండా కొన్ని మాటలు.

బాబు ఇప్పుడు చెన్నైలో చదువుతున్న బడి ఎమిస్‌లో (విద్యాశాఖ పిల్లల వివరాలు ఉంచే కంప్యూటర్ పట్టిక) అతని పేరుని కామన్ పూల్‌కి, అంటే బడి మారే పిల్లల ఉమ్మడి జాబితాకి, పంపాలి. అది చేయకుండా టీసీ కాగితం చేతికిస్తే కొత్త బడి అతన్ని కంప్యూటర్లో ఎక్కించలేదు, పుస్తకాల లెక్కలో పేరు రాదు. టీసీ తీసుకునే రోజే "పూల్‌కి పంపారా" అని అడిగి నిలబడి చేయించుకోండి. టీసీ ఆలస్యమైందని బడి చేర్చుకోకుండా ఉండకూడదు, చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. పుట్టిన తేదీ కాగితం లేకపోయినా అంతే. సర్కారు బడిలో ప్రవేశపరీక్ష పెట్టడం, డొనేషన్ అడగడం రెండూ నిషిద్ధం.

పాపకు జులై 31 నాటికి ఐదు నిండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కేంద్రీయ విద్యాలయలో ఒకటికి మార్చి 31 నాటికి ఆరు నిండాలి. తర్వాత ఎప్పుడైనా అటు మారే ఆలోచన ఉంటే పాప వయసు అక్కడి తరగతికి తక్కువ పడవచ్చు, ఇప్పుడే చూసుకోండి.

అరంబాక్కం_అంచు

దారి కూడా చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వాన ఎలా పడుతుందో తెలిసిందే. మే నెలలో పొడిగా ఉన్న ఆట స్థలం నవంబరులో మడుగు. గోడ మీద పోయినేటి నీటి గీత ఉంటుంది, మోకాలు దాకా ఉందా, చీలమండ దాకా ఉందా చూస్తే సరి. లారీలు తిరిగే రోడ్డు దాటాల్సి వస్తే, నడక ఐదు నిమిషాలు తక్కువైనా ఆ బడి నేను లెక్కలోంచి తీసేస్తాను.

సిప్‌కాట్_షిఫ్టు

మొదటి బడికి రోడ్డు దాటక్కర్లేదు, రెండోదానికి దాటాలి. అదే ఇప్పుడు గొడవ. ఇద్దరినీ రెండోదాంట్లో వేస్తే బాబు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు...

విల్లివాక్కం_అమ్మమ్మ

తొమ్మిదేళ్ల పిల్లాడిని నమ్మి లారీల రోడ్డు దాటించకు నాయనా. పెద్దవాళ్లు ఎవరో ఒకరు వెళ్లాలి. షిఫ్టు వేళలు చూసుకో.

కోయంబేడు_లెక్కలు

పొద్దున దాటించే మనిషి దొరికితే ఇద్దరూ రెండోదాంట్లో. దొరక్కపోతే పాప రెండేళ్లు మొదటిదాంట్లో, కానీ ఆ ఇద్దరు టీచర్లలో ఎవరైనా ఈ మే నెలలో రిటైరవుతున్నారేమో ముందు బీఈఓ ఆఫీసులో అడగండి. ఖాళీల పట్టిక అక్కడ ఉంటుంది.

సిప్‌కాట్_షిఫ్టు

సోమవారం వెళ్తున్నా. ఖాళీల పట్టికతో పాటు అక్కడ ఇంకేమైనా అడగాలా?

ఎస్‌ఎంసీ_తీర్మానం

రెండో బడికి మంజూరైన సెకండరీ గ్రేడ్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని. అది రాసుకుని వచ్చి ఇక్కడ పెట్టండి, మిగతాది చూద్దాం.